కువైట్‌లో విన్న పుకారే కడపకూ ఎట్లా వచ్చింది?

పోయిన నెల ఈ శీర్షికలో ఆవిరి పట్టడం గురించి ఒక ప్రశ్నకు జవాబిస్తూ, కరోనా కాలంలో మీ ఇళ్ళకు వచ్చిన పుకార్ల గురించి రాయమని అడిగాను. కడప, అన్నమయ్య జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. కొన్నింటికే ఇక్కడ జవాబివ్వగలుగుతున్నాను. ఆరోగ్య శాఖలో హెల్త్ ఎడ్యుకేటర్‌గా ఉద్యోగమంతా ఈ పల్లెల్లోనే చేసినదాన్ని కాబట్టి చదివిందీ, గడపగడపకూ తిరిగి విన్నదీ రెండూ కలిపి రాస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, మా ఆయన కువైట్‌లో డ్రైవరు. 2020 మార్చిలో ‘ఈ రాత్రి హెలికాప్టర్లతో కరోనా మందు చల్లుతారు, ఎవరూ బయటికి రావద్దు, ఆరేసిన బట్టలు లోపల పెట్టుకోండి’ అని నాకు తెలుగులో మెసేజ్ వచ్చింది. ఆయనకు పంపితే, ‘నాకూ హిందీలో ఇదే వచ్చింది, మా సేటు ఇంట్లో అరబ్బీలో ఇదే మాట్లాడుకుంటాండారు’ అన్నాడు. ఇన్ని దేశాలకు ఒకే అబద్ధం ఎవరు రాసి పంపుతారు? – ఒక సోదరి, రాయచోటి

జవాబు: ఎవరో ఒకరు కూర్చుని రాసి అన్ని దేశాలకూ పంపలేదు తల్లీ. ఆ రోజుల్లోనే ఇదే మాట ఇటలీలో, కెన్యాలో, ఫిలిప్పీన్స్‌లో కూడా తిరిగింది. ఎక్కడికక్కడ అధికారులు ఖండిస్తూనే ఉన్నారు, అది సరిహద్దులు దాటుతూనే ఉంది.

ఆ మెసేజ్ మీ ఫోన్లో ఇంకా ఉంటే తీసి చూడండి. మూడు ముక్కలు కనిపిస్తాయి. మందు చల్లేది ఎవరు, ఎన్ని గంటలకు, మనం ఏం చేయాలి. దేశం మారితే మారేది మొదటి ముక్క ఒక్కటే. ఒకచోట సైన్యం, ఇంకొకచోట వైమానిక దళం, మనకేమో మున్సిపాలిటీ. మిగతా రెండూ దాదాపు అట్లే ఉంటాయి. ముఖ్యంగా మూడోది చూడండి. బట్టలు లోపల పెట్టుకోమన్నారు. దానికి పైసా ఖర్చు లేదు, కష్టం లేదు. ‘నిజమైతే మంచిదే, అబద్ధమైతే పోయేదేముంది’ అనిపిస్తుంది. అట్లా అనిపించేదే ఎక్కువ దూరం పోతుంది. మీ ఆయన మీద ప్రేమతోనే కదా మీరు దాన్ని సముద్రం దాటించింది! కడప, రాయచోటి, రాజంపేట నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ళ ఇళ్ళల్లో ప్రతి రాత్రీ ఫోన్లో జరిగేదే ఇది. మన జిల్లాకు ఈ పుకార్లు టీవీ కంటే ముందు అట్లా వచ్చాయి.

ఇంకొక కారణం ఉంది, దాన్ని దాచకుండా చెప్పాలి. మందు చల్లడం జనం కళ్ళారా చూసిందే. మన వీధుల్లో ట్యాంకర్లతో సోడియం హైపోక్లోరైట్ అనే క్రిమిసంహారక ద్రవం కొట్టారు. ఉత్తరప్రదేశ్‌లోని బరేలీలో ఊళ్ళకు తిరిగొస్తున్న వలస కూలీలను రోడ్డు మీద కూర్చోబెట్టి వాళ్ళ మీదే చల్లారు. వీధుల్లో ఇట్లా చల్లితే వైరస్ పోతుందని నమ్మకం లేదని, మనుషుల మీద చల్లితే హానికరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలో చెప్పింది. ఆ లోపల మనం చూసిందేమిటి? ప్రభుత్వమే చల్లుతోంది. ట్యాంకరు నిజమైనప్పుడు హెలికాప్టరు ఎందుకు అబద్ధం కావాలి అని మీకు అనిపించడంలో తప్పేముంది?

అన్ని దేశాల మెసేజ్‌లూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసే సంగతి ఇంకొకటుంది. ప్రతి దేశంలోనూ మందు వేరే దేశం పేరుతో వస్తుంది. ‘ఇజ్రాయెల్‌లో ఒక్కరూ చనిపోలేదు, వాళ్ళు వేడి నీళ్ళలో నిమ్మరసం, తినే సోడా కలుపుకుని తాగుతున్నారు’ అన్న మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. ఇజ్రాయెల్‌లో మొదటి మరణం 2020 మార్చి 20న నమోదైంది. ఆ తర్వాత కూడా ఆ మెసేజ్ ‘ఒక్కరూ చనిపోలేదు’ అనే తిరిగింది. చైనా డాక్టరు లీ వెన్‌లియాంగ్ టీలో మందు కనిపెట్టాడన్నది ఇంకొకటి. ఆయన వూహాన్‌లో కంటి డాక్టరు. కొత్త జబ్బు గురించి తోటి డాక్టర్లను హెచ్చరించి, పోలీసుల మందలింపు తిని, అదే జబ్బుతో 2020 ఫిబ్రవరిలో చనిపోయాడు. టీ గురించి ఆయన ఏమీ చెప్పలేదు. నిజం చెప్పినందుకు నోరు మూయించిన మనిషి పేరునే అబద్ధానికి తగిలించడం నాకు అన్నింటికంటే బాధ కలిగించింది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారే, మందు విషయంలో కూడా అంతే. పక్క వీధి కాంపౌండరు చెబితే ప్రశ్నలు వేస్తాం. ఎన్నడూ చూడని దేశం పేరు చెబితే అడగడానికి మనకు అక్కడ ఎవరూ ఉండరు.

ప్రశ్న: ఇరాన్‌లో కరోనా పోతుందని సారా తాగి వందల మంది చనిపోయినారంట, నిజమేనా? అంత తెలివి లేనోళ్ళు ఉంటారా మేడమ్? – ఒక టైలరు, జమ్మలమడుగు

జవాబు: నిజమేనన్నా. 2020 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ వేలమంది ఆస్పత్రుల పాలయ్యారు, వందలమంది చనిపోయారు, కొందరికి చూపు పోయింది. వాళ్ళు తాగింది మిథనాల్ కలిసిన దొంగసారా. మిథనాల్ ఒంట్లోకి పోయాక ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. రంగులో, వాసనలో మామూలు సారాకూ దానికీ తేడా తెలియదు.

తెలివి లేనోళ్ళు అనొద్దు. వాళ్ళ లెక్క ఏమిటో చూడండి. చేతులకు ఆల్కహాల్ రాసుకుంటే వైరస్ చస్తుందని అన్ని దేశాల డాక్టర్లూ చెప్పారు. అది నిజం. చేతి మీద చచ్చేది గొంతులో మాత్రం చావదా అన్నది వాళ్ళు వేసుకున్న తర్వాతి అడుగు. ఆ అడుగు తప్పు. అదే తప్పు ఆలోచన అమెరికా అధ్యక్షుడికీ వచ్చింది. ఆ ఏప్రిల్ 23న ట్రంప్, క్రిమిసంహారక మందును ఒంట్లోకి ఎక్కిస్తే ఎట్లా ఉంటుందని విలేకరుల ముందే అడిగాడు. ఇరాన్‌లో అంతమంది చావడానికి కారణం ఆ తప్పు ఆలోచన ఒక్కటే కాదు. అక్కడ మద్యం నిషేధం. మంచి సరుకు దొరికే దారి లేదు, దొంగచాటుగా కాచేవాళ్ళ దగ్గరే కొనాలి. పుకారు అందరికీ ఒకటే, మిథనాల్ మాత్రం వాళ్ళ వాకిట్లో ఉంది. మన ప్రకాశం జిల్లా కురిచేడు గుర్తుందా? 2020 జూలైలో మద్యం షాపులు మూసేస్తే శానిటైజర్ తాగి పది మందికి పైగా పోయారు. వాళ్ళు పుకారు నమ్మి తాగలేదు, అలవాటు మానలేక తాగారు. కానీ ప్రాణం తీసింది రెండు చోట్లా ఒకటే. దొరకాల్సింది దొరకనప్పుడు చేతికి అందిన విషం.

చదువుకున్న దేశాల సంగతి కూడా వినండి. బ్రిటన్‌లో అదే ఏప్రిల్‌లో 5జీ వల్లే కరోనా వస్తోందని పదుల సంఖ్యలో సెల్ టవర్లు తగలబెట్టారు. బర్మింగ్‌హామ్‌లో కరోనా రోగుల కోసం పెట్టిన తాత్కాలిక ఆస్పత్రికి సిగ్నల్ ఇచ్చే టవర్ కూడా అందులో ఉంది. లోపల ఉన్నవాళ్ళను చూడ్డానికి ఇంట్లోవాళ్ళను రానివ్వని రోజులవి, ఫోనే దిక్కు. మన దేశంలో 5జీ మొదలైంది 2022 అక్టోబరులో. అప్పటికి మనం మూడు వేవ్‌లు చూసేశాం. అయినా 2021 మేలో ఇక్కడ కూడా ‘5జీ టెస్టింగ్ వల్లే జనం చస్తున్నారు’ అన్న ఆడియో తిరిగింది, టెలికాం శాఖ ఖండించాల్సి వచ్చింది. రాని 5జీకి వచ్చిన చావులు కట్టారన్నమాట.

దక్షిణ కొరియాలో ఒక చర్చిలో ఉప్పునీళ్ళు వైరస్‌ను చంపుతాయని వచ్చినవాళ్ళందరి నోట్లో స్ప్రే కొట్టారు. ఒకే బాటిల్, ఒకే మూతి, మధ్యలో తుడవడం లేదు. నలభై మందికి పైగా జబ్బు అంటుకుంది. ఉప్పునీళ్ళ కథ కొత్తది కాదు. 2014లో ఎబోలా వచ్చినప్పుడు నైజీరియాలో ఉప్పునీళ్ళు తాగితే జబ్బు రాదని పుకారు పుట్టి, అతిగా తాగి ఇద్దరు చనిపోయారు. జబ్బు మారింది, ఖండం మారింది, ఉప్పు మారలేదు. ఎందుకంటే ఉప్పు ఇంట్లో ఉంటుంది. భయం వేసినప్పుడు మనిషికి చేతితో చేయడానికి ఏదో ఒక పని కావాలి. ‘ఇంట్లో ఉండు, ఎదురుచూడు’ అన్న సలహాతో చేతులు ఊరుకోవు. మన అధికారులు ఆ మాట అర్థం చేసుకుని ఉంటే, ‘నమ్మొద్దు’ అన్న ప్రతి చోటా ‘ఇది చేయండి’ అన్నది కూడా చెప్పి ఉండేవాళ్ళు.

ప్రశ్న: నేను డిగ్రీ చివరి సంవత్సరం. కరోనా పుకార్లు ఏ దేశంలో ఎక్కువ వచ్చాయన్నది ప్రాజెక్టుగా తీసుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక విద్యార్థి, ప్రొద్దుటూరు

జవాబు: మంచి పని ఎంచుకున్నావు నాయనా, కానీ ప్రశ్న మార్చుకో. బంగ్లాదేశ్ పరిశోధకులు ముందుండి చేసిన ఒక అధ్యయనం 2020లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్ అండ్ హైజీన్‌లో వచ్చింది. 2019 డిసెంబరు 31 నుంచి 2020 ఏప్రిల్ 5 వరకు 87 దేశాల్లో, 25 భాషల్లో తిరిగిన పుకార్లు, కుట్ర కథలు, వెలివేత మాటలు కలిపి 2,311 పోగు చేశారు. పరిశీలించిన వాటిలో 82 శాతం అబద్ధాలని తేలింది. ఎక్కువ వచ్చిన దేశాల్లో భారత్, అమెరికా, చైనా, స్పెయిన్, ఇండోనేసియా, బ్రెజిల్ ఉన్నాయి.

దీన్ని చూసి మనమే మొదటి అబద్ధాలకోరులమని రాసేయకు. లెక్కలోకి వచ్చేది ఎవరో పట్టుకున్న పుకారే. మన దగ్గర జనాభా ఎక్కువ, ఫోన్లు ఎక్కువ, పుకార్లను పట్టి నిజానిజాలు తేల్చే సంస్థలు కూడా చాలా దేశాల కంటే ఎక్కువ. అట్లాంటివి లేని దేశంలో పుకారు పుట్టి, తిరిగి, మనిషిని చంపి, ఎవరి లెక్కలోనూ పడకుండా పోతుంది. ఇంకొక సంగతి, మన పుకార్లలో చాలా ఫ్యామిలీ గ్రూపుల్లోనే తిరుగుతాయి. అక్కడికి ఏ పరిశోధకుడూ రాలేడు.

కాబట్టి ఒక్క పుకారు పట్టుకో. ఆవిరి సంగతే తీసుకో. ఆవిరి పడితే వైరస్ పోతుందని మన దగ్గర నమ్మారు, బ్రిటన్‌లోనూ నమ్మారు. ఆవిరి పట్టబోయి వేడినీళ్ళు ఒలికి కాలిపోయిన పిల్లలు 2020లో బాగా పెరిగారని బర్మింగ్‌హామ్ పిల్లల ఆస్పత్రి డాక్టర్లు లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. ఇప్పుడు ప్రొద్దుటూరులో ఆ పుకారు ఏ నెలలో వచ్చింది, ఎవరి పేరుతో వచ్చింది, ఏం చేయమంది, చేసినవాళ్ళకు ఏమైంది అని అడుగుతూ పో. మెడికల్ షాపులవాళ్ళను అడుగు, ఆశా కార్యకర్తలను అడుగు. నీ గైడు ఇంటర్నెట్‌లో వెతకమంటాడు, వెతుకు. కానీ ఆ సంవత్సరం ఏ ఇంట్లో ఏ కషాయం కాగిందో ఆశా కార్యకర్తకు తెలిసినంత గూగుల్‌కు తెలియదు.

అధికారుల తప్పులకు కూడా నీ ప్రాజెక్టులో ఒక అధ్యాయం ఇవ్వు. మొహమాటపడొద్దు. ఈ జబ్బు గాలిలో వ్యాపించేది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2020 మార్చి 28న గట్టిగా చెప్పింది. ఆ తర్వాత మాట మార్చుకోవాల్సి వచ్చింది. జనమంతా మాస్కు పెట్టుకోవడం గురించి కూడా జూన్ 5న సలహా మార్చింది. కొత్త జబ్బు కాబట్టి కొత్త సంగతి తెలిసినప్పుడు మార్చుకోవడం శాస్త్రం చేయాల్సిన పనే. కానీ ‘ఇప్పటికి తెలిసింది ఇంతే’ అని ముందే చెప్పకుండా అంత గట్టిగా చెప్పి తర్వాత మార్చుకుంటే, వినేవాడికి రెండో మాట మీద కూడా నమ్మకం పోతుంది. టాంజానియా అధ్యక్షుడు మగుఫులి మేకకు, బొప్పాయికి కూడా పాజిటివ్ వచ్చిందని చెప్పి పరీక్షలనే తప్పుపట్టాడు. ఆ దేశం కేసుల లెక్కలు ప్రకటించడమే మానేసింది. మన దేశంలో మలేరియాకు వాడే హైడ్రాక్సీ క్లోరోక్విన్ మాత్రను ముందుజాగ్రత్తగా కొందరికి వాడమని 2020 మార్చిలో భారత వైద్య పరిశోధన మండలే (ఐసీఎంఆర్) సూచించింది. తర్వాత జరిగిన పెద్ద పరీక్షల్లో ఆ మాత్ర కరోనా రోగులకు పనిచేయదని తేలింది. పుకారు అంటే వాట్సాప్‌లో పుట్టేదే అనుకుంటే నీ ప్రాజెక్టు సగంలో ఆగిపోతుంది.

ప్రశ్న: నేను పసుపు రైతును. పసుపు, మిరియాలు, శొంఠి అంటే చదువుకున్నోళ్ళు నవ్వుతాండారు. మన పెద్దోళ్ళ వైద్యం అంతా పుకారేనా? కృష్ణపట్నం ఆనందయ్య మందు సంగతేంది? – ఒక రైతు, మైదుకూరు

జవాబు: నవ్వడం తప్పు. గొంతు నొప్పికి మిరియాల పాలు తాగితే హాయిగా ఉంటుంది, తాగండి. కరోనా తగ్గిస్తుందని మాత్రం ఎవరూ రుజువు చేయలేదు. పసుపులో ఉండే కర్కుమిన్ ప్రయోగశాలలో గాజు గొట్టంలో చాలా పనులు చేస్తుంది. మనం తింటే రక్తంలోకి చేరేది చాలా తక్కువ.

మీకొక మొక్క కథ చెబుతాను. మాచిపత్రి జాతి మొక్క ఒకటి చైనాలో ఉంది, ఆర్టెమీసియా అంటారు. జ్వరాలకు వాడొచ్చని పాత వైద్య గ్రంథాల్లో రాశారు. తూ యూయూ అనే శాస్త్రవేత్త ఆ మాటను కొట్టిపారేయలేదు, గుడ్డిగా నమ్మనూ లేదు. వేడి చేస్తే మందు గుణం పోతోందని పట్టుకుని, తక్కువ వేడిలో సారం తీసి, జంతువుల మీద, తమ మీద, తర్వాత రోగుల మీద పరీక్షించారు. మలేరియాకు ఇవాళ మనం వాడే ఆర్టెమిసినిన్ మందులు అట్లా వచ్చాయి. ఆమెకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే మొక్కతో 2020 ఏప్రిల్‌లో మడగాస్కర్ అధ్యక్షుడు రాజోయెలినా కోవిడ్ ఆర్గానిక్స్ అనే కషాయం సీసాల్లో పోసి, టీవీ ముందు తాను తాగి, బడిపిల్లలకు పంచాడు. కొన్ని ఆఫ్రికా దేశాలు తెప్పించుకున్నాయి కూడా. సరైన పరీక్ష జరగలేదు, జూలైకి ఆ దేశంలో కేసులు పెరిగిపోయాయి. మొక్క ఒకటే. ఒకరు ఏళ్ళ తరబడి పరీక్షించారు, ఇంకొకరు సీసాలో పోసి పంచారు.

ఆనందయ్య గారి మందు కోసం 2021 మేలో వేలమంది కృష్ణపట్నం చేరారు. ప్రభుత్వం ఆపించి, పరిశీలించి, మే 31న కంటి చుక్కలు తప్ప మిగతావి ఇవ్వడానికి అనుమతించింది. హాని లేదనడం వేరు, జబ్బు తగ్గిస్తుందనడం వేరు. అనుమతి వచ్చింది మొదటిదాని మీద. ఆయన డబ్బు తీసుకోకుండా ఇచ్చాడు, ఆ మాట తీసేయలేం. నాకు భయం వేసింది ఆ క్యూ చూసి. మనిషికి మనిషి ఆనుకుని, దగ్గుతూ, ఆక్సిజన్ తగ్గినవాళ్ళు అంబులెన్సుల్లో ఆ ఊరికి పోయారు. ఆస్పత్రిలో పడక దొరికి ఉంటే వాళ్ళలో ఎంతమంది పోయేవాళ్ళు చెప్పండి?

ఇంకొకటి తప్పక చెప్పాలి. చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో 2020 ఏప్రిల్‌లో టిక్‌టాక్ వీడియో చూసి రెండు కుటుంబాలవాళ్ళు ఉమ్మెత్త గింజలు నూరి తాగారు. ఎందుకు ఉమ్మెత్త? మీ చేని గట్టు మీద ఉండే ఉమ్మెత్త కాయను ఒకసారి చూడండి. గుండ్రంగా, ఒళ్ళంతా ముళ్ళతో, టీవీలో చూపించిన కరోనా బొమ్మ లాగానే ఉంటుంది. ఆకారం కలిసింది కాబట్టి విరుగుడు అన్నారు. ఉమ్మెత్త గింజలో అట్రోపిన్, స్కోపలమిన్ అనే విషాలున్నాయి. నోరు పిడచకట్టుకుపోతుంది, కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది, గుండె దడదడలాడుతుంది, మనిషి ఏదేదో మాట్లాడతాడు. సమయానికి ఆస్పత్రికి తీసుకుపోయారు కాబట్టి బతికారు. ఉమ్మెత్త విషమని మన పెద్దోళ్ళకు తెలుసు. ఆ రోజు ఆ ఇళ్ళల్లో పెద్దోళ్ళ వైద్యం తెలిసిన అవ్వ ఎవరైనా ఉండి ఉంటే, ఆ రోకలి లాక్కుని ఉండేది.

ప్రశ్న: లాక్‌డౌన్‌లో మా వీధికి వచ్చే పండ్ల బండి సాయబును రానీయకుండా చేసినారు. పండ్ల మీద ఉమ్మేస్తాండారని వీడియో చూసి మేమూ కొనలేదు. ఇప్పుడు తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. వేరే దేశాల్లో కూడా ఇట్లా జరిగిందా? – పేరు వద్దన్నారు, కడప

జవాబు: జరిగింది. చాలా పాత రోగం ఇది. ఐరోపాలో 1348, 1349లో ప్లేగు వచ్చినప్పుడు యూదులు బావుల్లో విషం కలిపారని పుకారు పుట్టించి, స్ట్రాస్‌బర్గ్ లాంటి ఊళ్ళలో వందల మందిని సజీవంగా కాల్చారు. ఆ బావుల నీళ్ళే యూదులూ తాగేవాళ్ళు, ఆ ప్లేగుతోనే వాళ్ళూ చచ్చేవాళ్ళు. ఎవరూ ఆ మాట ఆలోచించలేదు. 2020లో అమెరికాలో, ఐరోపాలో చైనా ముఖం కనిపిస్తే చాలు ఉమ్మినవాళ్ళు, కొట్టినవాళ్ళు ఉన్నారు. మన ఈశాన్య రాష్ట్రాల పిల్లలను మన నగరాల్లోనే ‘కరోనా’ అని పిలిచారు.

మీరు చూసిన వీడియో మధ్యప్రదేశ్‌లోని రాయసేన్‌ది అయ్యుంటుంది. ఢిల్లీ మర్కజ్‌లో తబ్లిగీ జమాత్ సమావేశం వల్ల కరోనా పాకిందన్న వార్తలకు ముందే, ఫిబ్రవరిలో తీసింది. కరోనాతో సంబంధం లేదు.

కడప మనిషిగా ఒక మాట చెప్పాలనిపిస్తోంది. ప్రతి ఉగాదికీ దేవుని కడప వెంకన్న గుడికి ముస్లింలు వస్తారు, బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ అని. మనం పెద్ద దర్గాకు పోతాం. 2020లో ఉగాది మార్చి 25న వచ్చింది, సరిగ్గా లాక్‌డౌన్ మొదటి రోజు. గుడి తలుపులు మూసే ఉన్నాయి, వాళ్ళు రాలేదు. ఆ తర్వాత కొన్ని రోజులకే ఆ వీడియో వచ్చింది. కలుసుకునే చోట్లన్నీ మూతపడినప్పుడు ఒకరి గురించి ఒకరికి ఫోనే చెప్పింది. ఆ పండ్ల బండాయన ఇంకా మీ వీధి వైపు వస్తుంటే ఆపి మాట్లాడండి. కొనడం తర్వాత సంగతి.

ప్రశ్న: టీకా వేయించుకుంటే పిల్లలు పుట్టరని మా అత్త మమ్మల్ని ఆపేసింది. ఇప్పటికీ చిన్నపిల్లల సూదులకు కూడా వద్దంటుంది. – ఒక కోడలు, బద్వేలు

జవాబు: ‘పిల్లలు పుట్టరు’ అన్నది నేను ఉద్యోగంలో చేరిన కొత్తలోనే విన్న మాట, అప్పుడు పోలియో చుక్కల మీద. నైజీరియాలోని కానో రాష్ట్రంలో 2003లో ఇదే పుకారుతో పోలియో చుక్కలు దాదాపు ఏడాది ఆపేశారు. అక్కడి పోలియో వైరస్ పక్క దేశాలకు పాకి, తుడిచిపెట్టుకుపోయిందనుకున్న చోట్ల పిల్లలకు మళ్ళీ కాళ్ళు పడిపోయాయి. 2021లో ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీలో టీకావాళ్ళు వచ్చారని ఊళ్ళోవాళ్ళు నదిలో దూకారు. ఫైజర్ టీకా వేసుకుని మొసలిగా మారిపోతే తన పూచీ లేదని బ్రెజిల్ అధ్యక్షుడు బోల్సొనారో అన్నాడు. దేశాన్ని బట్టి ఒకచోట మొసలి, ఒకచోట మైక్రోచిప్. కానీ పిల్లలు పుట్టరన్నది మాత్రం ఎక్కడైనా పుడుతుంది, ఎందుకంటే ఇంటి పెద్దల అసలు భయం అదే.

మా కాలంలో ఏం చేశామో చెబుతాను. ఒక పల్లెలో ఒక తల్లి బిడ్డను కొంగులో దాచుకుని, ‘చుక్కలేస్తే రేపు పిల్లోనికి పిల్లలు పుట్టరంట గదమ్మా’ అని తలుపు సగం వేసింది. నేను ఎంత చెప్పినా వినలేదు. అంగన్‌వాడీ అమ్మాయి ఏమీ మాట్లాడకుండా పోయి ఆ వీధి మసీదు పెద్దాయనను పిలుచుకొచ్చింది. ఆయన తన మనవణ్ణి ఎత్తుకుని వచ్చి, ఆ గడప ముందే నిలబడి, పిల్లవాడి బుగ్గలు నొక్కి నోరు తెరిపించి ‘వెయ్యమ్మా’ అన్నాడు. రెండు చుక్కలు పడ్డాయి. తలుపు తెరుచుకుంది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో వచ్చింది. ఇట్లాంటి గడపలు ఎన్ని దాటితే ఆ రోజు వచ్చిందో అనిపిస్తుంది.

మీ అత్తగారికి నా జవాబు చదివి వినిపించొద్దు. కరోనా టీకా వేయించుకుని తర్వాత బిడ్డను కన్న అమ్మాయి మీ వీధిలోనే ఉంటుంది. ఆమెను ఒక సాయంత్రం ఇంటికి పిలవండి. పిల్లల టీకా కార్డు మాత్రం ఆ సాయంత్రం దాకా ఆపొద్దు, ఈ వారమే ఏఎన్ఎం దగ్గరికి తీసుకుపోండి.

ప్రశ్న: కరోనా గురించి బ్రహ్మంగారు ముందే చెప్పినారు కదా? – ఒక పాఠకుడు, బ్రహ్మంగారి మఠం

జవాబు: ‘కోరంకి’ అన్న పేరున్న పద్యం ఆ మార్చిలో అందరి ఫోన్లలో తిరిగింది. అదే రోజుల్లో ఐరోపాలో నోస్ట్రడామస్ అనే పాతకాలపు జోస్యకారుడి పేరుతో ఆయన రాయని మాటలు తిరిగాయి. నాకు స్వామి మీద భక్తి ఉంది. కులాల అడ్డుగోడలు వద్దన్నవాడు, దళితుడైన కక్కయ్యను శిష్యుడిగా తీసుకున్నవాడు అని. మాస్కు పెట్టుకోవాలా వద్దా అన్నది ఆయనను అడగను.

ప్రశ్న: మా నాయన పొద్దున లేస్తూనే ఆరోగ్యం మెసేజ్‌లు అందరికీ పంపుతాడు. తప్పని గ్రూపులో పెడితే నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఏం చేయాలి? – ఒక కూతురు, పులివెందుల

జవాబు: గ్రూపులో పెట్టడమే పొరపాటమ్మా. అన్నదమ్ముల ముందు, వియ్యంకుల ముందు కూతురు తప్పు పట్టిందన్నదే ఆయనకు మిగిలింది, మెసేజ్ సంగతి వెనక్కు పోయింది. అన్నం తినేటప్పుడు పక్కన కూర్చుని, ‘ఇది నీకు ఎవరు పంపినారు నాయనా, వాళ్ళకు ఎవరు పంపినారంట’ అని అడుగు. రెండో ప్రశ్నకు చాలామంది దగ్గర జవాబుండదు, ఆ సంగతి ఆయనకే తెలిసొస్తుంది. మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు ఉంటే చాలా చేతులు మారిందని అర్థం. అట్లాంటివాటిని ఒకసారి ఒక్కరికే పంపేట్లు వాట్సాప్ 2020 ఏప్రిల్‌లో కట్టడి చేసింది. ఆ గుర్తు ఆయనకు చూపించు.

ఆయన ఎందుకు పంపుతున్నాడో కూడా ఆలోచించు. పిల్లలు దూరంగా ఉన్నారు, తన వల్ల ఎవరికైనా మేలు జరగాలని ఉంది. ఆ కోరికను ఆపొద్దు, దానికి మంచి సరుకు ఇవ్వు. పీహెచ్‌సీలో ఏ రోజు ఏ టీకా వేస్తారు, ఎండాకాలం ఓఆర్ఎస్ ఎట్లా కలుపుకోవాలి, 104కు ఎప్పుడు ఫోన్ చేయాలి అని నాలుగు ముక్కలు తెలుగులో రాసివ్వు. ఆయన పేరుతో పంపనీ.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం వద్దు. షుగరు మాత్రలు, బీపీ మాత్రలు, ఫిట్స్ మాత్రలు మానేయమని చెప్పే మెసేజ్ ఇంట్లోకి వస్తే, ఆయన అలిగినా సరే, ఆ రోజే మాత్రల డబ్బా తీసి ఎన్ని మిగిలాయో చూడు. లెక్క తప్పితే ఆయనను వెంటబెట్టుకుని, ఆ మెసేజ్ కూడా చూపించడానికి ఫోన్ తీసుకుని, డాక్టరు దగ్గరికి పో.